గింజల నడుమ దారి

చంపడానికి వచ్చిన మనిషికి గింజల మాస్టారు టీ పోసి ఇచ్చాడు.

ల్యాబ్ తలుపు బద్దలు కాలేదు, గొళ్లెం ఊడలేదు. మైక్రోస్కోప్ పక్కన రెండు కప్పులు, రెండూ ఖాళీ. మాస్టారు స్టూలు మీద కూర్చుని, ఐపీసుకు నుదురు ఆనించి, ఇంకా ఏదో చూస్తున్నట్టే ఉన్నాడు. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, చీమ కుట్టినంత ఎర్రటి చుక్క ఒకటి ఉంది. అంతే.

ఉదయం ఏడు నలభై. ఏజెంట్ ముంగిస గుమ్మంలోనే ఆగిపోయాడు. పాముల్లాంటి వాళ్లను పట్టినందుకు డిపార్ట్‌మెంట్ అతనికి ఆ పేరు పెట్టింది. కానీ ఈ గదిలో అతను ఏజెంటూ కాదు, ముంగిసా కాదు. అమ్మానాన్నా పోయాక తనను తెచ్చి పెంచిన మేనమామ ఆ స్టూలు మీద చచ్చి కూర్చున్నాడు.

"లోపలికి రా నాయనా. తలుపు వెయ్యి," అన్నాడు తాతయ్య.

తాతయ్య డిపార్ట్‌మెంట్ చీఫ్. మనవలు కాదు కదా, ఆయనకు పెళ్లే కాలేదు. ఇరవై ఏళ్లుగా కుర్రవాళ్లను "నాయనా" అని పిలుస్తూ చావుకు పంపుతున్నాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

"మాస్టారు ఆరుంపావుకి నాకు ఫోన్ చేశారు. 'ఎవరో పైపు వండేశారు, వెంటనే రా' అన్నారు. నేనొచ్చేసరికి ఇదీ సంగతి. ఇది ఆయన గుప్పిట్లో దొరికింది."

తాతయ్య బొటనవేలంత స్టీలు ముక్కను బల్ల మీద వేశాడు. స్టీలు పడితే ఖంగుమనాలి. ఇది మట్టిపెళ్లలా టప్పుమంది. ముంగిస దాన్ని తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. పైన అద్దంలా మెరుస్తున్న ముక్క, తడిసిన చక్కెరలా పలుకులు పలుకులుగా రాలిపోయింది. పైన పటారం, లోన లొటారం.

"అర్థమయిందా?" అన్నాడు తాతయ్య.

అర్థం కాకపోవడమేమిటి, అతను పెరిగిందే ఆ గదిలో. లోహమంతా గింజలే, ఒకదానికొకటి ఆనుకుని బిగిసిన గింజలు. మాస్టారు నలభై ఏళ్లు ఆ గింజలనే చూశాడు, ఆ పేరే మోశాడు. స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడేది దానిలోని క్రోమియం. ఆ స్టీలును ఆరు వందల డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉడకబెడితే, గింజల అంచుల్లోని క్రోమియం కార్బన్‌తో జట్టు కట్టేస్తుంది. అంచు వెంబడి సన్నని దారి కాపలా లేకుండా మిగిలిపోతుంది. ఇక యాసిడ్‌కి గింజతో పని లేదు. గింజల నడుమ దారి పట్టుకుని గోడ లోపలికి నడిచిపోతుంది. బయటినుంచి చూస్తే కొత్త పైపే. కొలిస్తే మందం సరిగ్గానే ఉంటుంది. లోపల మాత్రం ఏ గింజా పక్క గింజను పట్టుకుని ఉండదు.

"ఏ ప్లాంటు?" అన్నాడు ముంగిస.

"నైట్రిక్ యాసిడ్ ప్లాంటు. పది గంటలకు స్టార్టప్. పది రోజులుగా పైపుల్లో క్లీనింగ్ యాసిడ్ తిప్పుతున్నారు, అంటే తినాల్సింది తినేసే ఉంటుంది. ఫుల్ ప్రెషర్ ఇచ్చిన నిమిషంలో పగులుతుంది. గేటు బయట బస్తీ ఉంది, స్కూలు ఉంది. ఈ ముక్క కోసి మాస్టారికి ఇచ్చిన ఫిట్టర్‌కి ఏ పైపులోంచి కోశాడో గుర్తు లేదు. మొత్తం మూడు వందల నలభై పైపులు."

"ఆపెయ్యండి."

"ఆపితే ఈ ప్లాంటు కట్టించిన ఫారిన్ కన్సల్టెంట్ మధ్యాహ్నం ఫ్లైటెక్కి వాళ్ల దేశం పోతాడు. ఇలాంటి ప్లాంట్లు ఇంకో పన్నెండింటికి పైపులు ఇప్పించింది వాడే. వాటిలో ఏవి వండాడో వాడికే తెలుసు. నా దగ్గర సాక్ష్యం ఏముంది? చచ్చిపోయిన మనిషి గుప్పిట్లో చక్కెర! పది లోపు ఆ పైపు చూపించు, అక్కడికక్కడే బేడీలు వేస్తా."

"చూపించలేకపోతే?"

తాతయ్య జేబులోంచి లావుపాటి పెన్ను ఒకటి తీసి ఇచ్చాడు. టెక్నికల్ వింగ్ చేసిన బొమ్మ. సిరాకు బదులు ఆక్సాలిక్ యాసిడ్, క్యాప్‌లో బ్యాటరీ, వెనక వైపు లెన్సు. లోహం మీద తొంభై సెకన్లు ఆనిస్తే గింజల అంచులు బయటపడతాయి.

"ఇంకో మాట నాయనా. మీ మరదలు ఆ ప్లాంటులోనే కెమిస్టు. స్టార్టప్‌కి ఫస్ట్ శాంపిల్ తీసేది తనే. వాళ్ల నాన్న సంగతి తనకి చెప్పొద్దు. ఏడిస్తే ప్లాంటంతా తెలుస్తుంది, కన్సల్టెంట్ జారుకుంటాడు. ఇది ఆర్డర్."

ముంగిస మేనమామ కళ్లద్దాలు తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. అంతకు మించి ఏం చేసే టైము ఆ గదిలో అతనికి ఇవ్వలేదు.

*

ఎనిమిదిన్నరకు హోటల్ ఐదో అంతస్తులో తలుపు తట్టాడు. చేతిలో లాండ్రీ సంచి, ఒంటి మీద హోటల్ యూనిఫాం, ముఖానికి అతికించిన మీసం.

"గొడుగు తడిసింది," అన్నాడు.

"ఎండలో పెట్టండి," అంది లోపలి గొంతు.

సంపెంగ. డిపార్ట్‌మెంట్ ఏడాది కింద కన్సల్టెంట్ పక్కన దుబాసీగా చేర్చిన ఏజెంట్. పట్టు గౌను, తడిజుట్టు. గదిలోకి ఆమె కన్నా ముందు ఆమె సెంటు వస్తుంది. ఆమెను చూసి డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మగాళ్లు తమ పెళ్లాలను వదిలేశారు. ఆమె ఆ ఇద్దరినీ వదిలేసింది.

"మాస్టారు పోయారు," అన్నాడు ముంగిస.

"అయ్యో. ఎవరాయన?"

"లోహాలు చూసే ముసలాయన."

"నాకు ఇనుముకీ వెండికీ తేడా తెలీదు బాబూ. నాకు తెలిసింది వాడి మాటలు మార్చి చెప్పడమే. కూర్చో." అద్దం ముందు కూర్చుని కుడిచేతి చూపుడువేలు ఎత్తి చూసుకుంది. గోరు కొస విరిగి ఉంది. "పొద్దున్నే కారు డోర్‌లో పడింది. ఖర్మ!"

ఆకురాయి అందుకుంది. ముంగిస కన్సల్టెంట్ ప్రోగ్రాం అడిగాడు. ఆమె గోరు రాస్తూనే చెప్పింది. తొమ్మిదింటికి ప్లాంటు, తొమ్మిదిన్నరకు కంట్రోల్ రూం, పదింటికి తన చేత్తో బటన్. గరుకు వైపుతో ఒకే దిక్కుకు రాసింది. లేచి వెళ్లి పంపు కింద వేళ్లు కడుక్కుంది. వచ్చి ఆకురాయి సన్నవైపు తిప్పి, ఈసారి అడ్డంగా రాసింది. మొదటి గీతలన్నీ పోయేదాకా రాసి, దీపం కింద పెట్టి చూసుకుని, మళ్లీ వెళ్లి కడుక్కుంది. ఇంకా సన్నది తీసి, మళ్లీ నిలువుగా.

ముంగిస చూపు ఆ వేళ్ల మీద ఆగిపోయింది.

మైక్రోస్కోప్ కింద పెట్టే లోహం ముక్కను అలా పాలిష్ చేస్తారు. ప్రతి కాగితం మార్చినప్పుడూ ముక్కను తొంభై డిగ్రీలు తిప్పాలి. పాత గీత ఒక్కటి మిగిలినా ముందుకు పోకూడదు. పోతే గింజ కనపడదు, గీతే కనపడుతుంది. అందరూ అంతవరకూ చేస్తారు. గరుకు కాగితం రవ్వ సన్న కాగితం మీదికి రాకుండా మధ్యలో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టే మనిషి మాత్రం ఈ ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. ఇనుముకీ వెండికీ తేడా తెలియని ఆడది గోటికి ఆ మర్యాదలన్నీ చేస్తోంది.

"ఎన్నేళ్లు చదివావు ఆయన దగ్గర?" అన్నాడు.

ఆకురాయి ఆగింది. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి. ఆమె చెయ్యి లిప్‌స్టిక్ మీదికి పోయింది. ముంగిస లాండ్రీ సంచి ఆ చేతి మీదికి పోయింది. లిప్‌స్టిక్ కిందపడి చివరినుంచి సన్నటి సూది బయటికి వచ్చింది. బేడీ పడిన చప్పుడు అయ్యాక గదిలో పంపు కారడం ఒక్కటే వినిపించింది.

"రెండేళ్లు," అంది సంపెంగ, ఏమీ జరగనట్టు. "'గీత ఉంది' అంటూ ఒకే శాంపిల్‌ని పదకొండుసార్లు వెనక్కి పంపాడు. అందరి ముందూ. పొద్దున వెళ్తే గుర్తుపట్టి ఎంత సంతోషపడ్డాడో! టీ ఆయనే పెట్టాడు. బాగుంది కూడా."

ముంగిస ఆమెను కొట్టలేదు. కొడితే చెయ్యి ఆగదని అతనికి తెలుసు.

"ఏ పైపు?"

"మూడు వందల నలభై ఉన్నాయి. వెతుక్కో."

*

తొమ్మిది ఇరవైకి ఇద్దరూ ప్లాంటు పైప్ గ్యాలరీలో ఉన్నారు. ముంగిస సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషం. పక్కన సంపెంగ, బేడీ మీద ఆమె రుమాలు. చూసేవాళ్లకు చేతిలో చెయ్యేసుకుని తిరుగుతున్నట్టే ఉంటుంది.

అతని పథకం పెద్ద తెలివైనదేమీ కాదు, క్రూరమైనది. ప్రతి పైపు కిందా ఆమెను నిలబెట్టడం, ఎక్కడ బెదురుతుందో చూడడం. నలభయ్యో పైపు దగ్గర ఆమె కాళ్లు తడబడ్డాయి, ముఖం పాలిపోయింది. అతను చిన్న సుత్తితో తట్టాడు. ఖంగుమంది, గుడిగంటలా. ఆమె పకపకా నవ్వింది.

"నటన నాకు జీతమిచ్చి మరీ నేర్పింది మీరే కదయ్యా!"

తొమ్మిది ముప్పై అయిదు. రేడియోలో తాతయ్య గొంతు: "దొరికిందా?" "లేదు." తొమ్మిది నలభై. పంపుల వార్మప్ మొదలై గ్యాలరీ అంతా హోరెత్తింది. ఇక సుత్తి దెబ్బ ఎవరికీ వినపడదు. కాలు కాలిన పిల్లిలా ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాడు ముంగిస. తిరుగుతూ ఆలోచించాడు.

పైపును ఉడకబెడితే పైన రంగు వస్తుంది, పసుపూ నీలమూ. ఆ రంగుతో పంపితే గేటు దగ్గరే దొరికిపోతుంది. కాబట్టి పాలిష్ పట్టి రంగు తీసెయ్యాలి. ఎవరు పట్టి ఉంటారు? కన్సల్టెంట్ చేతికి మట్టి అంటనివ్వడు. ఫిట్టర్లను నమ్మడు. ఇంక మిగిలింది ఈమె. గోటి మీద గీతనే ఓర్చుకోలేని మనిషి పైపు మీద గీతలు వదులుతుందా?

టార్చ్ తీసి పైపుల మీద ఏటవాలుగా వెలుతురు వేశాడు. మామూలు పైపులన్నిటి మీదా గ్రైండర్ తిప్పిన చుట్టలు, చుట్టలు. మెరుపు ఉంది, కానీ మోటు మెరుపు. ఒకటీ, రెండూ, పదీ, ముప్పై. సంపెంగ నవ్వడం మానేసింది. ఈసారి మానేసింది నిజంగానే.

తొమ్మిది యాభై. ప్లాట్‌ఫాం చివర, శాంపిల్ క్యాబిన్ రేకు పైన, మూడు మీటర్ల పైపు ఒకటి. దాని మీద ఒక్క గీత లేదు. టార్చ్ వెలుతురు అందులో అద్దంలో పడ్డట్టు పడింది. మాస్టారు బతికుంటే మొదటిసారికే పాస్ చేసేవాడు.

సంపెంగ బేడీని దాని కింది రెయిలింగ్‌కు తగిలించి, రుమాలు మళ్లీ కప్పి, పెన్ను క్యాప్ తీసి పైపుకు ఆనించాడు. తొంభై సెకన్లు.

"బావా!"

క్యాబిన్ తలుపు తీసుకుని మరదలు వచ్చింది. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా గ్లోవ్స్, మెడలో వేలాడుతున్న ఇయర్ మఫ్స్, చేతిలో శాంపిల్ సీసా. ఇన్‌స్పెక్టర్ టోపీ కింద అతన్ని పోల్చుకోవడానికి ఆమెకు అర క్షణం కూడా పట్టలేదు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో పెరిగిన మనిషి దగ్గర ఏ మారువేషమూ పనికిరాదు.

"పైపుకి ఉత్తరం రాస్తున్నావా? నాకు ఒక్కటీ రాయలేదు పాపిష్టోడా!"

"చెకింగ్. నువ్వు లోపలికి... కాదు, నువ్వు ఒకసారి గేటు దాకా వెళ్లిరా."

"పదికి ఫస్ట్ శాంపిల్ నేను తియ్యాలి. నీ మీసం ఊడుతోంది చూసుకో." నవ్వి, అంతలోనే నుదురు చిట్లించింది. "అవునూ, నాన్నని చూశావా? ఇంట్లోంచి నా కంటే ముందే పోయారు. మాత్రలేసుకున్నారో లేదో. ఫోన్ ఎత్తట్లేదు."

ముంగిస వాచీ చూసుకున్నాడు. నలభై సెకన్లు అయ్యాయి.

"నేను చూశానమ్మా," అంది సంపెంగ తియ్యగా. "పొద్దున ల్యాబ్‌లో. టీ తాగారు. హాయిగా ఉన్నారు."

"థాంక్స్ అక్కా! నా మనసు కుదుటపడింది." మరదలు ఇయర్ మఫ్స్ చెవులకు తగిలించుకుని క్యాబిన్‌లోకి వెళ్లిపోయింది.

ఆ క్షణంలో ముంగిసకు పుట్టిన అసహ్యం శత్రువు మీద కాదు. ఆర్డర్ పాటించి నోరు మూసుకున్న తన మీద. కానీ పెన్ను కదల్చలేదు. తొంభై పూర్తయింది. లెన్సు తిప్పి చూశాడు. ప్రతి గింజ చుట్టూ లోతుగా, నల్లగా కందకం. ఒక్క గింజ కూడా మినహాయింపు లేదు.

"దొరికింది. శాంపిల్ క్యాబిన్ పైన. ఆపండి!" అన్నాడు రేడియోలో.

"శభాష్ నాయనా," అన్నాడు తాతయ్య. తర్వాత రేడియోలో కుర్చీ పడ్డ చప్పుడు, ఎవరో అరిచిన చప్పుడు. ఆ వెనకే తాతయ్య గొంతు, మొదటిసారి వణుకుతూ: "నొక్కేశాడు! మమ్మల్ని చూసి నొక్కేశాడు! ప్యానెల్ పగలగొట్టాడు, పంపు ఆగట్లేదు!"

కింద పంపు హోరు ఒక్క మెట్టు పెరిగింది.

వాల్వ్ ఇరవై అడుగుల దూరంలో ఉంది. చేత్తో తిప్పే చక్రం, నలభై చుట్లు. ముంగిస పరుగెత్తి చక్రం పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు.

"తాళం!" సంపెంగ కేక హోరులోంచి చీల్చుకుని వచ్చింది. "తాళం తియ్యి! పైపు నా మీదే ఉంది!"

పది. పదకొండు.

"పన్నెండు ప్లాంట్లూ చెప్తా! నంబర్లతో చెప్తా! నీకు దండం పెడతా!"

పరుగెత్తేటప్పుడు ఆమె పక్కనుంచే వచ్చాడు. తాళంచెవి పై జేబులోనే ఉంది. బేడీ తియ్యడానికి రెండు సెకన్లు చాలు. తియ్యాలని అతనికి అనిపించలేదు. అబద్ధమెందుకు? ఇరవై ఆరు. ఇరవై ఏడు.

ముప్పయ్యారో చుట్టు దగ్గర పైపు పగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గట్టిగా నొక్కిన చక్కెర ముద్దలా విడిపోయింది. వాల్వ్ దాదాపు మూసుకున్నందువల్ల పట్నం మీద పడాల్సింది పడలేదు. పైపులో మిగిలింది మాత్రం కింద ఉన్న మనిషి మీద పడింది. ముప్పయ్యేడు. ఆ అరుపు వింటూ అతను లెక్క తప్పలేదు. నలభై.

క్యాబిన్ తలుపు దభాలున తెరుచుకుంది. మరదలు ఒక్క చూపు చూసింది. ఆలోచించలేదు. యాసిడ్ లేపిన ఎర్ర పొగలోకి దూకి సంపెంగను గ్లోవ్స్ చేతులతో పట్టుకుంది.

"తాళం ఏది? బావా! మొద్దులా నిలబడ్డావేం, తాళం!"

వాల్వ్ మూతపడింది. ఇక ఆలస్యం చెయ్యడానికి కారణం లేదు. అయినా అతని చెయ్యి జేబులోకి నెమ్మదిగా పోయింది. తాళంచెవి విసిరాడు.

మరదలు ఆమెను ఈడ్చుకెళ్లి ఎమర్జెన్సీ షవర్ కింద పడేసి గొలుసు లాగింది. ఆ గొలుసు లాగి పట్టుకున్నంతసేపే నీళ్లు వస్తాయి. యాసిడ్ పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా కడగాలి. "ఏం కాదక్కా, ఏం కాదు. కళ్లు మూసుకో. నేనున్నాగా," అంటూ రెండో చేత్తో ఆ తల తన ఒడిలో పెట్టుకుంది. పట్టు గౌను పేలికలై నీళ్లలో కొట్టుకుపోయింది. పైపై అందం కూడా.

తాతయ్య మెట్లెక్కి వచ్చాడు. కోటు చిరిగింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"వాడు దొరికాడు. నోరు విప్పడు. ఈమె విప్పుతుంది." గొంతు తగ్గించాడు. "ఈమె మనకి కావాలి నాయనా. అమ్మాయికి ఇప్పుడేం చెప్పకు. సాయంత్రం నేనే నెమ్మదిగా..."

ముంగిస ఆయన్ని పక్కకు తోసి షవర్ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మామయ్య లేడు," అన్నాడు. "పొద్దున చంపేశారు. చంపింది ఈమే."

నీళ్లు పడుతూనే ఉన్నాయి. మరదలు ఒడిలో తల వైపు చూసింది. 

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏడు నలభైకి."

"నేనడిగినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

గొలుసు మీద ఆమె పట్టు సడలింది. నీటి ధార సన్నబడింది. సంపెంగ మూలిగింది. ఆ గొలుసు ఒక్కసారి వదిలితే చాలు, ఎవరూ తప్పు పట్టరు. రిపోర్టులో చెయ్యి జారిందని రాసుకుంటారు. ముంగిస కూడా వదలమన్నట్టే చూశాడు. 

మరదలు గోడ మీది గడియారం చూసింది.

"ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి," అంది. గొలుసు గట్టిగా కిందికి లాగింది. ధార మళ్లీ నిండుగా పడింది. ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు, వెక్కి వెక్కి. చెయ్యి మాత్రం కదల్లేదు. ముంగిస సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది.

"నువ్వు ముట్టుకోకు. నాన్నని నేను చూసుకుంటా. నువ్వు మా ఇంటి గడప తొక్కకు."

తొమ్మిది నిమిషాలూ అతను అక్కడే నిలబడ్డాడు. ఎక్కడికి పోవాలో తెలియలేదు.

సంపెంగ బతికింది. పన్నెండు ప్లాంట్లలో ఐదింటి పేర్లు చెప్పింది. ఆ ఐదు చోట్లా పైపులు మార్చారు. మారుపేరుతో, కాపలాతో, ఆసుపత్రిలో ఆమెకు కిటికీ ఉన్న గది ఇచ్చారు. ఆర్డర్ మీరినందుకు ముంగిసను రెండు నెలలు సస్పెండ్ చేశారు.

తాతయ్య స్వయంగా రాసిన రిపోర్టు ఒకటిన్నర పేజీ. చివర ఇలా ఉంది: నష్టం, మూడు మీటర్ల పైపు ఒకటి, ప్రాణనష్టం లేదు. మాస్టారు చచ్చిపోయింది ప్లాంటులో కాదు, తన ల్యాబ్‌లో కాబట్టి అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.